పేరు లేని సరుకు: పాలమూరు, నల్లగొండ అంగళ్ల జ్ఞాపకాలు ఎటు పోయాయి?

జాతరల్లో ఒక బొమ్మ అమ్మేవారు. మట్టితో చేసిన రెండు చిన్న చక్రాలు, వాటి మధ్య కాగితం బిగించిన మట్టి ముంత, ఆ కాగితం మీద వాలిన రెండు వెదురు పుల్లలు. దారం కట్టి లాగితే చక్రాలు తిరిగేవి, పుల్లలు లేచి పడేవి, డప్పు మోగేది. కొన్న చోటి నుంచి ఇల్లు చేరేదాకా మోగితే అదృష్టమే. సాయంత్రానికి కాగితం చిరిగేది, మర్నాటికి చక్రం పగిలేది. దక్షిణ తెలంగాణలో నలభై దాటినవాళ్లను కదిలిస్తే చాలామందికి ఇది గుర్తే. పేరేమిటని అడిగితే మాత్రం తలా ఒకటి చెబుతారు. డప్పుబండి అనేవాళ్లున్నారు, టకటక బండి అనేవాళ్లున్నారు. కొందరు నోటితో ఆ చప్పుడు చేసి చూపించి ఊరుకుంటారు.

చిన్ననాటి జ్ఞాపకాల పేరుతో ఫోన్లలో తిరిగే ఫొటోల వరుసలో ఈ బండి కనిపించడం అరుదు. అక్కడ ఉండేవి గోల్డ్ స్పాట్ కూల్‌డ్రింకు సీసా, పార్లే-జి ప్యాకెట్, పాపిన్స్ బిళ్లల చుట్ట, శక్తిమాన్ ఎర్ర దుస్తులు, క్యాసెట్‌లో దూర్చిన పెన్సిల్. అవేవీ అబద్ధం కావు. కాని పాట్నాలో పెరిగినవాడికీ మహబూబ్‌నగర్ వైపు పెబ్బేరులో పెరిగినవాడికీ అదే వరుస. దాన్ని చూసి పెబ్బేరువాడు తన బాల్యం కూడా అదేనని ఒప్పుకుంటాడు. అందులో సగం తన చేతికి ఎన్నడూ రాలేదన్న సంగతి అతనికే గుర్తుండదు.

ఇలా జరగడానికి కారణం మతిమరుపు మాత్రమే కాదు. కంపెనీ పేరున్న వస్తువుకు ప్రకటన ఉంటుంది, చీటీ ఉంటుంది, ఎక్కడో ఒక పాత పత్రికలో దాని బొమ్మ అచ్చయి ఉంటుంది. రెండక్షరాలు టైపు చేస్తే ఫోను దాన్ని తెచ్చి ముందు పెడుతుంది. పేరు లేని సరుకుకు ఇవేమీ లేవు. చూసినవాడి తలలో తప్ప దానికి ఇంకెక్కడా చోటు లేదు. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ పల్లెల్లో పిల్లల చేతికి వచ్చిన సరుకులో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. అందుకే ఈ ప్రాంతపు బాల్యం సామూహిక జ్ఞాపకంలోంచి ముందుగా జారిపోతోంది.

అంగడితోనే మొదలుపెట్టాలి. రాయలసీమలో అంగడి అంటే దుకాణం. తెలంగాణలో వారానికోసారి కూడే సంత. దేవరకద్రలో బుధవారం, పెబ్బేరులో శనివారం. అక్కడికి పెద్దలు వెళ్లేది ఎడ్లు, ఆవులు, మేకలు, ఉల్లిగడ్డల కోసం. పిల్లలకు కావలసింది అంగడి అంచున ఉండేది. గోనెపట్టా పరిచి, దాని మీద బొంగరాలు, గోటీలు (గోలీలు), నొక్కితే టిక్కుమనే రేకు కప్పలు, చిన్న అద్దాలు, ఈలలు, రబ్బరు బుగ్గలు (బెలూన్లు) పోసి కూర్చునేవారు. ఆ సరుకులో చాలా వరకు హైదరాబాద్ బేగంబజారులో టోకున కొని మూట కట్టి బస్సు మీద వేసుకొచ్చినదే. తయారుచేసినవాడెవరో అమ్మేవాడికి తెలియదు, కొనేవాడు అడగడు.

అంగడిలో పిల్లవాడి కొనుగోలు పిల్లవాడి చేతిలో లేదు. అది ఎద్దు చేతిలో ఉంది. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లతో సాగే బేరం తెగితే చెప్పుల జత, తెగకపోతే బొరుగుల పొట్లం. నెల జీతం వచ్చే ఇంట్లో పిల్లలు ఒకటో తారీఖును గుర్తుపెట్టుకుంటే, ఇక్కడి పిల్లలు గుర్తుపెట్టుకున్నది పంటను. బాదేపల్లి, వనపర్తి మార్కెట్లకు పల్లికాయ చేరే రోజులు, ఆముదాలు, కందులు అమ్ముడుపోయే రోజులు. ఆ కొద్ది వారాల్లోనే ఇంట్లోకి డబ్బు వచ్చేది, ఆ వారాల్లోనే అప్పులవాళ్లూ వచ్చేవారు. మిగిలినదాంట్లో పిల్లల వాటా.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఈ లెక్క రెండుగా చీలింది. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి వచ్చింది, దాని వెనక బియ్యం మిల్లులు, పక్కా సినిమా హాళ్లు, గాజు బీరువాల దుకాణాలు వచ్చాయి. అదే జిల్లాలో మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీళ్లు, మెట్ట పంట, ఫ్లోరైడు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు నల్లగొండ పిల్లల్లో ఒకరికి గాజు సీసాలో చల్లని గోల్డ్ స్పాట్ నిజమైన జ్ఞాపకం. రెండోవాడికి అది గోడ మీద రంగులతో రాసిన మాట. ‘నల్లగొండ తొంభైలు’ అని ఒక ముద్ద చేసి మాట్లాడేవాళ్లు ఈ తేడాను దాటేస్తారు.

ధరలు తలచుకునేటప్పుడు ఇక్కడివాళ్ల నోట వచ్చే మాటలు వినదగ్గవి. చారాణ, ఆఠాణ, బారాణ. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసల లెక్క వచ్చింది, అణాల లెక్క పోయింది. నాలుగణాలంటే పావు రూపాయి కనుక పాతిక పైసల బిళ్ల చారాణ అయింది, చివరిదాకా చారాణగానే ఉండిపోయింది. 1980లలో పుట్టిన పిల్లవాడు అణాను కంటితో చూసి ఉండడు, అయినా చారాణ ఇచ్చి పిప్పరమెంట్లు కొన్నాడు. వాళ్ల తాతలకు ఇంకో లెక్క కూడా తెలుసు. నిజాం సంస్థానానికి సొంత నాణెం హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దార్. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. హాలీ 1950లతో చెలామణి నుంచి తప్పుకుంది. అంటే ఒకే ఇంటి అరుగు మీద మూడు లెక్కలు కూర్చుని ఉండేవి. చారాణ కోడికి బారాణ మసాలా అన్న సామెత ఆ ధరకు కోడి దొరకని రోజుల్లోనూ నవ్వు పుట్టిస్తూనే ఉంది.

బిళ్లల ఆకారాలకూ జ్ఞాపకంలో పెద్ద చోటుంది. అయిదు పైసలు మూలలు నున్నగా ఉన్న చదరం. పది పైసలకు పూరేకుల అంచు. ఇరవై పైసలకు ఆరు పలకలు. అన్నీ అల్యూమినియమే, ఊదితే ఎగిరేంత తేలిక. లాగు జేబులో చెయ్యి పెడితే చూడకుండానే ఎంత ఉందో వేళ్లకు తెలిసేది. పాతిక పైసలు, అంతకు లోపు బిళ్లలు 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయాయి. యాభై పైసల బిళ్ల చట్టం ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది. తీసుకునే దుకాణదారు దొరకాలి, అంతే.

అయితే ‘అప్పట్లో ఐసు పది పైసలే’ అని నిట్టూర్చేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. చాలా కొనుగోళ్లలో పైసా మాటే లేదు. సైకిల్ వెనక చెక్కపెట్టె కట్టుకుని ఐసు అమ్మేవాడు వస్తే పిల్లలు ఇంట్లోంచి సోలెడు జొన్నలో, గుప్పెడు పల్లీలో తెచ్చేవారు. తెచ్చేవారు అనడం మర్యాద కోసం. ఎక్కువసార్లు అది దొంగతనమే. పాత ఇనుప ముక్కలకు, తెగిన చెప్పులకు, పగిలిన ప్లాస్టిక్ బకెట్లకు ఉల్లిగడ్డలో బుగ్గలో ఇచ్చేవారు. అన్నిటికంటే వింతైన నాణెం వెంట్రుకలు. ఆడవాళ్లు తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను ఉండ చుట్టి చూరులోనో గోడ పగులులోనో దోపి ఉంచేవారు. నెలల తరబడి పోగయిన ఆ ఉండలకు బదులుగా పిన్నీసులు, సూదులు, రిబ్బన్లు, కాస్త బరువు తూగితే స్టీలు గిన్నె. వెంట్రుకలు కొనేవాడు వాటిని సవరాలవాళ్లకు, విగ్గులవాళ్లకు చేర్చేవాడు. ఒక ఇంటి చూరుకు ఎక్కడో ఉన్న విగ్గుల వ్యాపారంతో లంకె ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ మారకాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పడం కుదరదు కనుక ధరల పోలికల్లో దీనికి చోటు దొరకలేదు.

ఇక సినిమా, కథ, పాట. పట్నంలో ఇవి అచ్చు ప్రతులుగా, పూర్తి వస్తువులుగా దొరికేవి. పల్లెకు చేరేటప్పటికి అవి ముక్కలు. ఈ మాట చిన్నబుచ్చడానికి అంటున్నది కాదు. ముక్కలుగా చేరడమే ఇక్కడి పిల్లల సంస్కృతికి ఒక ప్రత్యేకమైన ఆకారాన్ని ఇచ్చింది.

కిరాణా కొట్టు పొట్లం చూడండి. బెల్లమైనా బఠానీలైనా పాత పత్రిక కాగితంలో కట్టి, పైన వేలాడే ఉండ నుంచి దారం లాగి చుట్టి ఇచ్చేవారు. ఇంటికి వచ్చాక సరుకు డబ్బాలోకి, కాగితం పిల్లల చేతిలోకి. అది సినిమా పేజీ అయితే పండగే. బెల్లం జిగురు అంటిన మేర అక్షరాలు పోయేవి. వాక్యం మధ్యలో మొదలయ్యేది, కథ మలుపు దగ్గర ఆగేది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ కొందరికి గ్రంథాలయంలో దొరికింది, కొందరికి రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్టులో కనిపించింది, ఇంకెందరికో ఒకటీ అరా పేజీగా పొట్లంలో చేరింది. బేతాళుడి ప్రశ్న ఉన్న పేజీ వచ్చి, జవాబు ఉన్న పేజీ ఎవరి ఇంటికో మిరపకాయలతో వెళ్లిపోతే పిల్లలు జవాబు తామే కట్టుకోవలసి వచ్చేది. చందమామ పాత సంచికలు ఇప్పుడు స్కాన్ చేసినవి దొరుకుతున్నాయి. పొట్లంలో వచ్చిన చందమామను ఎవరూ స్కాన్ చేయలేరు.

సినిమా రీలు ముక్కలది ఇంకా చక్కని కథ. హాల్లో రీలు తెగితే ఆపరేటర్ దెబ్బతిన్న ఫ్రేములను కత్తిరించి పారేసి, రెండు కొసలనూ జిగురుతో అతికించి మళ్లీ నడిపేవాడు. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరినట్టయ్యేది, నేల టికెట్ జనం ఈలలు వేసేవారు. ఊరూరా తిరిగి బాగా అరిగిన ప్రింటు కనుక గుడారంలో ఆడే డేరా టాకీసుకు వచ్చేసరికి ఈ తెగడాలు ఎక్కువే. ఆపరేటర్ గది కింద పడ్డ ముక్కలే పిల్లల నిధి. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు పదహారు ఫ్రేములు, సెకనుకు ఇరవై నాలుగు. జానెడు ముక్కలో పన్నెండు ఫ్రేములు, అంటే తెర మీద అర సెకను. ఆ ఊరి తెర మీద ఎగిరిపోయిన అర సెకను ఒక పిల్లవాడి జేబులో ఉండేది.

దాన్ని వెలుగులో పెట్టి చూడటంతో ఎవరూ తృప్తిపడలేదు. మాడిపోయిన బల్బు ఒకటి సంపాదించి, అడుగున ఉన్న సీసం, నల్లని గాజు మెల్లగా కొట్టి తీసి, లోపలి తీగను బయటికి లాగి, అందులో నీళ్లు నింపేవారు. నీళ్లు నిండిన గాజు గోళం కటకం అవుతుంది. తలుపులు మూసిన గదిలోకి, బయట నిలబడ్డవాడు అద్దంతో ఎండను కొడతాడు. ఆ వెలుగుకు అడ్డంగా ఫిల్ము ముక్క, దాని ముందు నీళ్ల బల్బు, ఎదురుగా గోడ మీద తాత ధోవతి. కటకం బొమ్మను తిరగేస్తుంది కనుక ఫిల్మును తలకిందులుగా పట్టుకోవాలి. ఈ సూత్రాన్ని ఏ పాఠ్యపుస్తకమూ ముందుగా చెప్పలేదు. మొదటిసారి హీరో కాళ్లు పైకి పెట్టి కనిపించినప్పుడు అందరికీ తెలిసిపోయింది. ముక్కల విలువా పిల్లలే కట్టారు. హీరో ముఖం ఉన్నదానికి ఎక్కువ గోటీలు, గుంపు దృశ్యానికి తక్కువ, ఆకాశం మాత్రమే ఉన్నది ఉచితం. ఏ సినిమా ముక్కో చాలాసార్లు తెలిసేది కాదు. ఇన్నేళ్ల తర్వాత ఆ పిల్లవాడిని ‘నీకు ఇష్టమైన పాత సినిమా ఏది’ అని అడిగితే ఏదో ఒక ప్రసిద్ధమైన పేరు చెబుతాడు. ధోవతి మీద కదలకుండా నిలబడ్డ ఆ బొమ్మకు పేరు లేదు కనుక జవాబులోకి రాదు.

పాటల సంగతీ దాదాపు ఇంతే. 1980లు, 90లలో చిన్న పట్టణాల్లో రికార్డింగు సెంటర్లు ఉండేవి. కావలసిన పాటల చిట్టా రాసి ఇస్తే, అరవై నిమిషాలదో తొంభై నిమిషాలదో ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవారు. కాపీరైటు చట్టం ప్రకారం అది తప్పే, పట్టించుకున్నవాడు తక్కువ. ఒక వైపున చిట్టా అయిపోయాక టేపు మిగిలితే దుకాణంవాడు తనకు నచ్చిన పాట ఒకటి వేసేవాడు, అదీ తెగే దాకానే. పూర్తిగా ఎన్నడూ వినని ఆ పాటే ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేది. ఒగ్గుకథలు, పెళ్లి పాటలు, ఊరి భజనలు అదే దుకాణంలో చేతిరాత చీటీతో అమ్ముడుపోయేవి. ఆ టేపుల్లో చాలా వాటికి రెండో ప్రతి ఉండి ఉండదు. బూజు పట్టాక ఆ గొంతులూ పోయాయి.

టీవీ గురించి అందరూ చెప్పేదే కనుక క్లుప్తంగా చాలు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది, రామాయణం ధారావాహిక 1987 జనవరి 25న. పంచాయతీ ఆఫీసులోనో, ఒకరిద్దరు ఉన్నవాళ్ల ఇంట్లోనో పెట్టె, చుట్టూ ఊరు, కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ. దేశమంతా ఒకే దృశ్యం చూసిన జ్ఞాపకం కనుకే ఇది గట్టిగా నిలిచింది. గుర్తుచేయడానికి ఏటా వందల మంది ఉన్నారు.

జాతరకు వస్తే పేరు లేకపోవడంలోనే రెండు రకాలున్నాయని తెలుస్తుంది. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి స్వామి జాతర కార్తీకంలో జరుగుతుంది. పేదల తిరుపతి అంటారు. అక్కడ ప్రధానమైనది ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామి పాదరక్షలు. చిన్న వడ్డెమాన్‌లో దళిత కుటుంబాలవారు నియమంతో ఉండి తోలుతో వాటిని కుడతారు. ఊరేగింపుగా కొండకు తెస్తారు. భక్తులు తలకు తాకించుకుంటారు. అదే జాతరలో కింద వరుసగా దుకాణాలు, వాటిలో తాడుకు గుచ్చి వేలాడదీసిన రబ్బరు హవాయి చెప్పులు. దేవుడికి కొలత తీసి కుట్టిన తోలు చెప్పులు, భక్తుడికి నంబరు చూసి ఏరుకున్న రబ్బరు చెప్పులు.

అంతకు ముందు రైతు కాలికీ కొలత ఉండేది. ఊళ్లో మాదిగ పనివాడు కుట్టిన కిర్రు చెప్పులకు కంపెనీ పేరు లేదు, కాని కుట్టినవాడి పేరు ఊరందరికీ తెలుసు. కూలి కళ్లంలో గింజల రూపంలో ముట్టేది. తెగితే ఎవరి ఇంటికి వెళ్లాలో పిల్లలకూ తెలుసు. హవాయి చెప్పు వచ్చాక ఆ పేరు పోయింది. పట్టీ బెజ్జంలోంచి ఊడితే పిన్నీసు గుచ్చి నడిపించడం మిగిలింది. ఇప్పుడు తీపిగా తలచుకుంటున్నది పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పునే. ఆ చెప్పు ఎవరి పని లాక్కుందో తలపులోకి రాదు. కుండలు, మట్టి బొమ్మలు, చెక్క బొంగరాల విషయంలోనూ ఇదే జరిగింది. కుమ్మరి ఇంటి మట్టి ఎద్దుకు చేసినవాడి పేరుంది, బేగంబజారు మూటలో వచ్చిన ప్లాస్టిక్ ఎద్దుకు లేదు. పిల్లలకు రెండోదే నచ్చింది. దానికి రంగుంది, పడేస్తే పగలదు. పిల్లలను తప్పుపట్టలేం.

దసరా బట్టల గురించి ఒక్క మాట. ఏడాదికి ఒకసారి కొనేవి. ఒకే తానులోంచి అన్నదమ్ములందరికీ చొక్కాలు, మిగిలిన ముక్కలో చెల్లెలికి జాకెట్టు. దర్జీ వచ్చే ఏడాదికి కూడా సరిపోయేలా వదులుగా కుట్టేవాడు. అయినా పండగ నాటికి ఇచ్చేవాడు కాదు. పక్కనే గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాల మీద దేశం మెచ్చే చీరలు నేస్తున్నా, ఈ పిల్లల ఒంటి మీదికి వచ్చింది మిల్లు గుడ్డే.

ఈ జ్ఞాపకాల్లో ఎవరి గొంతు వినిపించడం లేదో కూడా చూడాలి. అంగడికి తండ్రి వెంట వెళ్లింది ఎక్కువగా కొడుకులు. డేరా టాకీసు దగ్గర రీలు ముక్కలు ఏరుకున్నదీ వాళ్లే. ఆడపిల్లల కొనుగోలు గడప దగ్గర జరిగింది, గాజులమ్మే మనిషి మలారం (గాజుల మోపు) దించినప్పుడు, వెంట్రుకలు కొనేవాడు వీధి మలుపులో కేక వేసినప్పుడు. అందుకే వాళ్ల జ్ఞాపకాలు వస్తువుల కంటే కేకలతో, చప్పుళ్లతో నిండి ఉంటాయి. మణికట్టు నొక్కి గాజు ఎక్కించేటప్పటి నొప్పి, పక్కన అమ్మ ‘ఇంకొక్కటి, ఇంకొక్కటి’ అంటూ ఊరించడం. వీటికి ఫొటోలు లేవు. ఎవరో తీరికగా అడిగి రాసుకుంటే తప్ప నిలవవు.

హోటల్ చాయ్ కూడా అందరికీ ఒకే రుచి కాదు. దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి తెలుగు పల్లెల్లో 1955 అస్పృశ్యత నేరాల చట్టం వచ్చిన తర్వాతా దశాబ్దాలు సాగింది. మిఠాయిని చేతిలో పెట్టించుకున్నవాడికీ, పైనుంచి వదిలితే దోసిట్లో పట్టుకున్నవాడికీ ఆ మిఠాయి మీద ఒకే రకమైన ప్రేమ ఉంటుందనుకోవడం అమాయకత్వం. పాత రోజులే బాగుండేవన్న మాట ఎవరు అంటున్నారో, ఎవరు మౌనంగా ఉన్నారో గమనిస్తే సగం విశ్లేషణ అయిపోతుంది.

వలస సంగతి చెప్పకుండా పాలమూరు బాల్యం గురించి చెప్పలేం. ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనులకు మేస్త్రీ వెంట గుంపులుగా వెళ్లిన పాలమూరు లేబర్ పేరు దేశమంతా తెలుసు. నారాయణపేట, కోస్గి వైపు నుంచి బొంబాయి, పుణె దారి. పిల్లలు అవ్వాతాతల దగ్గర. వీళ్లకు కొనుగోళ్ల క్యాలెండర్ మళ్లీ వేరు. అమ్మానాన్నలు తిరిగి వచ్చే రోజే పండగ. వచ్చేటప్పుడు బొంబాయి నుంచి ప్లాస్టిక్ కారో, చేతి గడియారమో, మెరుపుల గౌనో వచ్చేది. ఊళ్లో ఎవరికీ లేని వస్తువు. అయితే ఆ వస్తువు పిల్లవాడి చేతిలో ఉన్నన్ని రోజులు తల్లి ఊళ్లో ఉండేది కాదు. బొమ్మ పాతబడకముందే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, బస్సు వచ్చేది.

నాస్టాల్జియా అన్న మాటను 1688లో యొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి బాసెల్‌లో ఒక జబ్బు పేరుగా పుట్టించాడు. ఇంటికి దూరంగా ఉన్న స్విట్జర్లాండ్ వాళ్లకు పట్టుకునే దిగులు అది. మందు కూడా అతనే చెప్పాడు, ఇంటికి పంపించడం. అది తెలుగులో కొత్త పేరు పెట్టవలసిన జబ్బు కాదు. బెంగ అన్న మాట ఉంది. కాలం గడిచేకొద్దీ నాస్టాల్జియా చోటు మీది దిగులు నుంచి కాలం మీది దిగులుగా మారింది. బెంగ ఇంకా మనుషుల మీదే ఉంది. పాలమూరు పిల్లవాడు చిన్నప్పుడు బెంగ పెట్టుకున్నది అమ్మ మీద. పెద్దయ్యాక అదే బెంగ అమ్మ తెచ్చిన ప్లాస్టిక్ కారు మీదికి మళ్లింది. ఆ కారు ఫొటో దొరికితే బాగుండునని వెతికేవాడికి కావలసింది నిజానికి కారు కాదని ఒప్పించడం కష్టం.

పాత వస్తువుల మీది ప్రేమ ఇప్పుడు వ్యాపారం కూడా. గోల్డ్ స్పాట్‌ను, థమ్సప్‌ను పార్లే నుంచి 1993లో కోకకోలా కొంది. థమ్సప్ నిలిచింది, గోల్డ్ స్పాట్‌ను ఆపేశారు. కాంపా కోలాను రిలయన్స్ కొని 2023లో మళ్లీ బజారులోకి తెచ్చింది. పేరుకు యజమాని ఉన్నాడు కనుక ఆ పేరును పాతికేళ్ల తర్వాతైనా అమ్మవచ్చు. గోలీసోడాకు అలాంటి యజమాని లేడు. సీసా మెడలో గోలీ ఇరికించే పద్ధతి 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు పేటెంటు తీసుకున్నదే అయినా ఇక్కడ అది ఊరికొక దుకాణం సరుకు. ఇప్పుడు గోలీసోడా పెద్ద హోటళ్ల పట్టికలోకి ఎక్కింది. అదొక్కటే పేరు లేనివాటి తరఫున గెలిచింది, అదీ గోలీని లోపలికి నొక్కేటప్పుడు వచ్చే చప్పుడు పుణ్యాన. డప్పుబండికి ఆ యోగం పట్టలేదు. జొన్నలకు ఇచ్చిన ఐసును ఏ కంపెనీ తిరిగి తెస్తుంది?

దేవరకద్రలో అంగడి ఇప్పటికీ బుధవారమే. ఎడ్లు తగ్గాయి. గోనెపట్టాల స్థానంలో నీలం టార్పాలిన్లు వచ్చాయి, డబ్బుకు ఫోను చూపిస్తున్నారు. బొమ్మల కుప్ప మాత్రం అంచునే ఉంటుంది. తిప్పితే వెలిగే చక్రాలు, నొక్కితే అరిచే రబ్బరు కోళ్లు, అడుగున ఎవరూ చదవలేని అక్షరాల చీటీ ఉన్న చిన్న ట్రాక్టర్లు. ‘ఇది ఎంత’ అని అడుగుతారు, ధర చెబుతాడు. ‘దీన్ని ఏమంటారు’ అని అడిగితే అమ్మేవాడు దాన్ని ఒకసారి తిప్పి చూసి, వెలిగించి, మళ్లీ కుప్పలో పడేస్తాడు.